ముందు కాసేదా, ఎక్కువ కాసేదా? పెరటికీ మిద్దెకూ కూరగాయ రకాలను ఎంచుకోవడం ఎలా

విత్తనాల కొట్టులో ఏ పొట్లం తిప్పి చూసినా రెండే మాటలు కనిపిస్తాయి: "త్వరగా కాపుకు వస్తుంది", "అధిక దిగుబడి". బెండ పొట్లం మీదా అవే, సొర పొట్లం మీదా అవే. మొదటి రెండేళ్లు నేను ఆ మాటలు నమ్మి చేతికందినవల్లా తెచ్చి నాటాను. ఒక ఏడాది మిద్దె మీద ఆరు టమాటా మొక్కలు ఒకే వారంలో విరగపండాయి. ఇరుగుపొరుగుకు పంచాం, పచ్చడి పెట్టాం, పై అంతస్తు వాళ్లు మొహమాటానికి తీసుకోవడం మొదలుపెట్టాక పంచడం మానేశాం. ఆ పై వారం నుంచి అదే టమాటా కోసం సంచి పట్టుకుని బజారుకు నడిచాను. మొక్కల తప్పేమీ లేదు. అవి చెప్పినట్టే త్వరగా కాశాయి, చెప్పినట్టే బాగా కాశాయి. అయిపోయాయి.

ముందు కాసే మొక్క తన బలాన్ని పూతకు త్వరగా ఖర్చు పెడుతుంది కాబట్టి కొమ్మా రెమ్మా పెద్దగా వేయదు, త్వరగానే అలసిపోతుంది. నెలల తరబడి కాసే మొక్క మొదట ఒళ్లు పెంచుకుంటుంది, మనల్ని ఎదురుచూసేలా చేస్తుంది. కొన్ని పంటల్లో ఈ రెండు గుణాలూ ఒకే రకంలో కొంతవరకు కలుస్తాయి, చాలా పంటల్లో కలవవు. రైతుకు కాపంతా ఒకేసారి వస్తే మేలు: కూలీలు ఒకసారి, బండి ఒకసారి. ఇంటికి కావలసింది వారానికి రెండు కూరలు, ఎక్కువ వారాల పాటు. పొట్లాల మీది మాటలు రైతును దృష్టిలో పెట్టుకుని రాసినవని గుర్తుంటే సగం ఎంపిక అయిపోయినట్టే.

పొట్లం మీది అంకె ఏం చెబుతుంది, ఏం చెప్పదు

"65 రోజుల్లో కాపు" అని టమాటా పొట్లం మీద ఉంటే ఆ లెక్క సాధారణంగా నారు నాటిన రోజు నుంచి. దానికి ముందు నారుమడిలో 25 నుంచి 30 రోజులు గడవాలి. వంగకు, మిరపకు ఇంకో వారం పది రోజులు ఎక్కువే. బెండ, గోరుచిక్కుడు, దోస వంటివి నేరుగా విత్తుతాం కనుక వాటి మీద 45 రోజులని ఉంటే నిజంగా 45 రోజులే. అంటే 65 రోజుల టమాటాకూ 45 రోజుల బెండకూ మధ్య తేడా 20 రోజులు కాదు, నెలన్నర పైమాటే. నర్సరీలో నారు కొనుక్కుంటే ఆ నెల కలిసి వస్తుంది. అయితే అక్కడ రకం పేరు అడిగితే "హైబ్రిడ్ అండీ" అన్న జవాబే ఎక్కువసార్లు వస్తుంది.

రెండో అంకె దిగుబడి. అది హెక్టారుకు ఇన్ని టన్నులని ఉంటుంది. బెంగళూరు దగ్గర హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ విడుదల చేసిన అర్క రక్షక్ టమాటాకు హెక్టారుకు 75 నుంచి 80 టన్నుల పేరుంది. బిందు సేద్యంతో, ఎరువుల లెక్కతో, ఊతకర్రలతో పొలంలో తీసిన పంట అది. 12 అంగుళాల కుండీలో వేరు ఎంత పాకగలదో అంతే కాపు. కుండీ సాగులో హెక్టారు లెక్కను చూసి రెండు రకాలను పోల్చడం కన్నా, ఆ రకానికి ఎంత వేరు స్థలం కావాలి, ఏ తెగులును తట్టుకుంటుంది అని చూడడం ఉపయోగం.

పొట్లం వెనుక చిన్న అక్షరాల్లో ఉండే మొలక శాతం, పరీక్ష తేదీ, గడువు మాత్రం తప్పక చదవాలి. బెండకు కనీసం 65 శాతం, మిరపకు 60 శాతం మొలక ఉండాలన్నది ప్రమాణం. అంటే మంచి మిరప విత్తనంలో కూడా పదికి నాలుగు మొలవకపోవచ్చు. గడువు దగ్గరపడిన పొట్లమైతే చెప్పనక్కరలేదు. పది గింజలు తడి గుడ్డలో చుట్టి చూసుకుని విత్తడం మన పెద్దలు ధాన్యానికి చేసినదే, కూరగాయలకూ చేయవచ్చు.

ఇక ఎఫ్-1 అని ఉంటే అది సంకర విత్తనం. దాని కాయలోని గింజ తీసి మళ్లీ వేస్తే తల్లిలా రాదు, ఒక్కో మొక్క ఒక్కో రకంగా వస్తుంది. ఏటా కొనుక్కోవడానికి ఇబ్బంది లేకపోతే ఇది లోపమేమీ కాదు. విత్తనం దాచుకోవాలనుకుంటే "పూసా" (ఢిల్లీలోని భారతీయ వ్యవసాయ పరిశోధన సంస్థవి), "అర్క" (హెసరఘట్ట సంస్థవి) పేర్లతో వచ్చే సూటి రకాలు, అంటే గింజ తీసి వేసినా తల్లిలాగే వచ్చేవి, లేదా ఊళ్లో చేతులు మారుతూ వచ్చే నాటు రకాలు చూసుకోవాలి. ఆ రెండు పేర్లు ఉన్నవన్నీ సూటి రకాలే అనుకోవద్దు. అర్క రక్షక్ కూడా ఎఫ్-1 సంకరమే.

ఎప్పుడు విత్తుతున్నారన్నదే అసలు ప్రశ్న

నా అనుభవంలో రకం ఎంపికలో పొరపాట్లు ఎక్కువగా రకం వల్ల రావు, కాలం వల్ల వస్తాయి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ ఎండకు టమాటా పూత ఎంత గొప్ప రకమైనా రాలిపోతుంది. పగలు 35 డిగ్రీలు దాటి రాత్రి కూడా చల్లబడకపోతే పుప్పొడి పనిచేయదు, పిందె కట్టదు. మరి వేసవిలో బజారులో టమాటా ఎక్కడిది అంటారా? మదనపల్లె ప్రాంతం సముద్ర మట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉంది, అక్కడి రాత్రులు చల్లన. విజయవాడ మిద్దె మీద ఆ రాత్రులు దొరకవు. కనుక ముందు నెల తేల్చుకుని, తరువాత పంట, ఆ తరువాత రకం. చాలామంది ఈ వరుసను తలకిందులుగా చేస్తారు. విత్తనం ముందు కొని, వేయడానికి కాలం కోసం వెతుకుతారు. నేనూ చేశాను.

విత్తిన రోజు నుంచి లెక్క వేస్తే, మన మైదాన ప్రాంతాల్లో ఏది ఎప్పుడు చేతికొస్తుందో ఈ పట్టిక చెబుతుంది. అంకెలన్నీ సుమారు, ఎండను బట్టి, మట్టిని బట్టి వారం అటూ ఇటూ.

| పంట, రకం | తొలి కోతకు | కాపు తీరు | విత్తేందుకు అనువైన కాలం |
|---|---|---|---|
| తోటకూర, అర్క సుగుణ | 25 రోజులు | కోసిన కొద్దీ చిగురిస్తుంది, మూడు నెలల దాకా | దాదాపు ఏడాదంతా |
| ముల్లంగి, పూసా చేత్కి | 40–45 రోజులు | ఒకేసారి | వేసవి, వానాకాలం |
| గోరుచిక్కుడు, పూసా నవబహార్ | 45–50 రోజులు | గుత్తులుగా, నెలన్నర | వేసవి, వానాకాలం |
| బెండ, అర్క అనామిక | 45–50 రోజులు | రోజు విడిచి రోజు, రెండు నెలల పైన | వేసవి, వానాకాలం |
| బీర | 50–60 రోజులు | వారానికి రెండు మూడు కోతలు | వేసవి, వానాకాలం |
| పొద చిక్కుడు, అర్క జయ్ | 55–60 రోజులు | కొద్ది వారాల్లో ముగుస్తుంది | ఏ కాలమైనా |
| టమాటా, పూసా రూబీ | 85–95 రోజులు | కొద్ది కొద్దిగా, చాలా వారాలు | నారు ఆగస్టు–సెప్టెంబరులో |
| వంగ | 95–110 రోజులు | నెలల తరబడి, కత్తిరిస్తే మళ్లీ | మూడు కాలాలూ |
| పందిరి చిక్కుడు | విత్తిన తేదీతో పనిలేదు, చలికాలంలోనే | చలికాలమంతా ధారాళంగా | వానాకాలం |
| మునగ, పీకేఎం-1 | ఆరు నెలలు | ఏడాదికి కొన్ని నెలలు, రెండు మూడేళ్లు | వానాకాలం మొదట్లో |

టమాటా: పొట్టి మొక్కా, పొడుగు మొక్కా

టమాటాలో తేల్చుకోవలసింది రకం పేరు కన్నా ముందు మొక్క స్వభావం. కొన్ని మొక్కలు ఒక ఎత్తుకు వచ్చి కొనలో పూగుత్తి వేసి ఆగిపోతాయి. వాటి కాపు రెండు మూడు వారాల్లో ముగుస్తుంది. కొన్ని పెరుగుతూ పూస్తూ పోతాయి. పూసా ఎర్లీ డ్వార్ఫ్ పేరులోనే ఉన్నట్టు పొట్టిది, తొందరగా పండేది. పూసా రూబీ ఎదుగుతూ పోయేది, దానికన్నా కొద్ది రోజులే వెనుక. కాయ కాస్త చదునుగా, గాట్లతో, పులుపుగా ఉంటుంది. పప్పులోకీ చారులోకీ నేను దాన్ని మించినది చూడలేదు. తోలు పలచన కాబట్టి బజారుకు పనికిరాదు, లారీలో నలిగిపోతుంది. ఇంటి మెట్లు దిగి వచ్చే కాయకు ఆ బెంగ లేదు.

ఒకే టమాటా పెట్టుకునేవారికి నా సలహా ఎదిగే రకమే. ఊతం కట్టాలి, పక్క పిలకలు తీస్తుండాలి, పని ఎక్కువ. సంవత్సరానికి సరిపడా ఊరగాయ ఒకేసారి పెట్టుకునే ఇల్లయితే మాత్రం పొట్టి రకమే నయం, పది కిలోలు ఒక్క వారంలో రావాలి కనుక. చిన్న కుండీల వాళ్లకూ పొట్టిదే.

తెగుళ్ల సంగతి వేరు. ఆకుముడత తెల్లదోమ మోసుకొచ్చే వైరస్. చుట్టుపక్కల టమాటా, మిరప తోటలు ఉన్న ఊళ్లలో పూసా రూబీ నిలవడం కష్టం. అర్క రక్షక్ ఆకుముడతను, బాక్టీరియా ఎండు తెగులును, ఆకుమాడు తెగులును మూడింటినీ తట్టుకునేలా చేసిన సంకరం. కాయ గట్టిది, 90–100 గ్రాములు తూగుతుంది, పులుపు తక్కువ. గత ఏడాది మొక్కలు ముడుచుకుపోయిన చోట రుచి గురించి వాదించి లాభం లేదు. ముందు కాయ దక్కాలి. నీళ్లు పోయడం మధ్యమధ్య మరిచిపోయే ఇళ్లకు అర్క వికాస్ ఉంది. నీటి ఎద్దడిని ఓర్చుకుంటుంది, విత్తనం దాచుకోవచ్చు కూడా.

బెండ: మందే రోగి అయిన కథ

1950ల నాటికి బెండకు పల్లాకు తెగులు పెద్ద శాపం. ఈనెలు పసుపెక్కి, ఆకంతా తెల్లబారి, కాయ పాలిపోయేది. ఢిల్లీలోని పూసా సంస్థ తెచ్చిన పూసా సావని ఆ తెగులును తట్టుకుంది, దేశమంతా పాకింది. (పూసా అన్నది బీహారులోని ఊరు. 1934 భూకంపంలో సంస్థ భవనం దెబ్బతిన్నాక 1936లో ఢిల్లీకి తరలింది, పేరును వెంట తీసుకెళ్లింది.) కాలం గడిచేకొద్దీ ఆ తట్టుకునే గుణం పోయింది. ఇవాళ పూసా సావనిని వానాకాలంలో వేస్తే మొదట పసుపెక్కేది అదే. అయినా పొట్లాలు ఇంకా అమ్ముడవుతున్నాయి, పాత పేరు మహిమ.

తరువాత అడవి బెండ జాతులతో కలిపి తీసిన పర్భని క్రాంతి, అర్క అనామిక వచ్చాయి. వానాకాలంలో విత్తేవారు ఈ రెండింటిలో ఏదో ఒకటి, లేదా తెగులు తట్టుకుంటుందని స్పష్టంగా రాసిన కొత్త సంకరం తీసుకోవాలి. త్వరగా కాయడంలో వీటి మధ్య తేడా నాలుగైదు రోజులకు మించదు, దాని కోసం తల పట్టుకోనక్కరలేదు. అర్క అనామిక కాయ ముదురాకుపచ్చగా, ముళ్లు లేకుండా, లేతదనం రెండు రోజులు ఎక్కువ నిలుపుకుంటుంది. ఊరెళ్లి వచ్చే సరికి కాయ కర్రలా మారిందని వాపోయేవారికి ఆ రెండు రోజులే కలిసొస్తాయి.

ఎన్ని మొక్కలు కావాలన్నది ఎవరూ చెప్పరు. బాగా పెరిగే బెండ మొక్క రెండు రోజులకు ఒక కాయ ఇస్తుందనుకుందాం. నలుగురున్న ఇంటికి ఒక పూట వేపుడుకు అరకిలో, అంటే 35–40 కాయలు. వారానికి రెండుసార్లు బెండకాయ తినాలంటే సుమారు 20 మొక్కలు కావాలి. ఆరు కుండీలు పెట్టి "దిగుబడి రాలేదు" అనేవారు రకాన్ని తిట్టుకుంటారు. తప్పు లెక్కలో ఉంది. అంత చోటు లేకపోతే బెండను వదిలి, కొద్ది మొక్కలే ఇంటిని పోషించే పంటకు వెళ్లడం మంచిది. వంగ, దొండ, మిరప అలాంటివి.

చిక్కుడు: తొందర పనికిరాని చోటు

ముందు కాసేదానికీ ఎక్కువ కాసేదానికీ మధ్య ఇంత స్పష్టమైన తేడా ఇంకే పంటలోనూ లేదు. మన పందిరి చిక్కుడు పగలు పొట్టిబడి రాత్రి పొడుగైతేనే పూస్తుంది. జూన్‌లో విత్తినా ఆగస్టులో విత్తినా కాపు ఇంచుమించు ఒకేసారి, చలి మొదలయ్యాకే. ముందు విత్తితే ముందు రాదు, తీగ మాత్రం పందిరి దాటి పక్కింటి గోడ ఎక్కుతుంది. పూత మొదలయ్యాక మాత్రం సంక్రాంతి దాటేదాకా కోసినన్ని కాయలు. రథసప్తమికి చిక్కుడు కాయలతో రథం కట్టి, చిక్కుడు ఆకుల మీద పరమాన్నం నివేదించే ఆచారం ఉంది కదా, పండుగ వచ్చే నాటికి పందిరి నిండుగా ఉంటుందని తెలిసినవాళ్లు పెట్టుకున్న ఆచారమది అనిపిస్తుంది నాకు.

పొద రకాలు, అర్క జయ్, అర్క విజయ్, పగటి పొడుగును పట్టించుకోవు. ఏ నెలలో విత్తినా రెండు నెలల్లో కాయ ఇస్తాయి. మొక్క మోకాలెత్తు, పందిరితో పనిలేదు, కుండీలో ఒదుగుతుంది. మొత్తం కాపు మాత్రం పందిరి చిక్కుడులో నాలుగో వంతు కూడా రాదనిపించింది నా మొక్కల మీద. అర్క విజయ్ కాయ పొట్టిగా, ముదురు రంగులో, చిక్కుడు వాసనతో ఉంటుంది. అర్క జయ్ కాయ లేతరంగు, పొడుగు, వాసన తక్కువ. వేసవిలో చిక్కుడు తినాలన్న కోరిక ఉంటే పొద రకం. చోటూ ఓపికా ఉంటే పందిరి. రెండూ పెట్టుకోగలిగితే కాలాలు వేరు కాబట్టి పోటీ లేదు.

అమెరికాలో, ముఖ్యంగా న్యూజెర్సీ వైపు, పెరటిలో తోట వేసే మనవాళ్లకు ఈ తేడా ప్రాణం లాంటిది. అక్కడ మే నెలలో నాటితే మంచు అక్టోబరులో పడుతుంది. మన పందిరి చిక్కుడు వేసవి పొడవైన పగళ్లలో ఆకులే వేసి, పగలు తగ్గి పూత పట్టే సరికి మంచుకు మాడిపోతుంది. ఊరి చిక్కుడు గింజల మీద ఎంత మమకారం ఉన్నా అక్కడికి పగటి పొడుగుతో సంబంధం లేని రకమే గతి. అనుమతి పత్రాలు లేకుండా విత్తనాలు సామానులో తీసుకెళ్లడం అక్కడి నిబంధనలకు విరుద్ధం కాబట్టి, దొరికితే అక్కడే కొనుక్కోవడం మేలు.

వంగ, మిరప

వంగ ఆలస్యంగా మొదలై ఆలస్యంగా ముగుస్తుంది. అయిదు నెలల కాపు తరువాత మొక్కను అడుగు ఎత్తున కత్తిరించి ఎరువు వేస్తే మళ్లీ చిగురించి కాస్తుంది. కనుక ఇక్కడ తొలి కోత వారం ముందా వెనుకా అన్నది నాకు లెక్కలోకి రాదు. వంకాయను కూరను బట్టి ఎంచుకోవాలి. వేపుడుకూ ముక్కల పులుసుకూ పూసా పర్పుల్ లాంగ్ పొడుగు కాయ, వంగల్లో ముందుగా కాసేది కూడా. పచ్చటి చిన్న కాయలు ఇష్టపడేవారికి గుత్తులుగా కాసే అర్క కుసుమాకర్. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో విడుదలైన భాగ్యమతి ఎండకు ఓర్చుకుంటుందని పేరు, కాయ కోలగా ఊదారంగులో ఉంటుంది. గుత్తి వంకాయకు మాత్రం చిన్న గుండ్రటి నాటు రకమే వెతుక్కోండి. కోనసీమ వైపు ముళ్ల వంకాయ రుచి మరిగినవారికి నేను ఇంకే రకమూ చెప్పే సాహసం చేయను. ముచ్చిక మీద ముళ్లు గుచ్చుకున్నా వాళ్లు దానినే కోరుకుంటారు.

ఒక హెచ్చరిక. నాటిన మొక్కలు పచ్చగా ఉండగానే ఉన్నట్టుండి వాడి చనిపోతే అది బాక్టీరియా ఎండు తెగులు కావచ్చు. ఆ మట్టిలో మళ్లీ మామూలు వంగ వేయకండి. అర్క నిధి, అర్క కేశవ్, అర్క నీలకంఠ్ దాన్ని తట్టుకునేవి.

మిరపకు పచ్చిమిర్చి కోసమైతే పూసా జ్వాల సన్నగా, ముడతలతో, దండిగా కాస్తుంది. గుంటూరు లాం పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన జి-4, దానికే భాగ్యలక్ష్మి అని పేరు, పచ్చికీ పండుకీ రెండింటికీ పనికొస్తుంది. నాలుగు మొక్కలు ఒక ఇంటికి చాలు.

తీగజాతులు

ఇవి చోటు తినేవి. 18 అంగుళాలకు తగ్గని టబ్బు, గట్టి పందిరి లేనివారు వీటిని ఆశించకపోవడమే మంచిది.

సొర, అంటే కొందరికి ఆనప, కాయ పరిమాణం చూసి ఎంచుకోవాలి. పెద్ద కాయల రకం వేసి ఒక్క కాయను మూడు రోజులు తిన్న ఇళ్లు నాకు తెలుసు, మాది కూడా. పూసా నవీన్ కాయ కిలో లోపే, పూసా సందేశ్ గుండ్రటి చిన్న కాయ. చిన్న కుటుంబానికి ఇవి. అర్క బహార్ మెడ వంకర లేకుండా కిలో దాకా వస్తుంది. పిందెలు పసుపెక్కి రాలిపోతుంటే రకాన్ని అనుమానించకండి. సొర పూలు, బీర పూలు సాయంత్రం విచ్చుకుంటాయి, ఎత్తైన మిద్దె మీదకు ఆ వేళకు పురుగులు రాకపోవచ్చు. చీకటి పడే ముందు మగ పువ్వు తెంపి ఆడ పువ్వుకు రాస్తే సరి. ఈ పని చేయలేనివారికి ఎంత అధిక దిగుబడి రకమైనా ఒకటే.

బీరలో జగిత్యాల లాంగ్ మన నేలకు అలవాటైనది. అర్క సుమీత్ సన్నగా పొడుగ్గా, కాస్త ముందుగా కాస్తుంది. కాకరలో పూసా విశేష్ తీగ పొట్టిది, మిద్దెకు ఇంతకన్నా అనువైన కాకర నాకు తెలియదు. పూసా దో మౌసమీ పేరుకు తగ్గట్టు రెండు కాలాలకూ వస్తుంది కానీ పందిరి కోరుతుంది. సలాడ్ దోసలో జపనీస్ లాంగ్ గ్రీన్ నెలన్నరకే కాయ ఇస్తుంది, తీగ కూడా అంత త్వరగానే ఎండుతుంది. పప్పులో వేసుకునే పసుపు దోసకు మాత్రం ఊరి గింజే మేలు.

దొండ గురించి ఎవరూ పొట్లం మీద రాయరు, దానికి పొట్లమే ఉండదు. కాసే తీగ నుంచి పెన్సిలంత లావు ముక్క తెచ్చి గుచ్చితే చాలు, ఏళ్ల తరబడి కాస్తుంది. దొండలో ఆడ తీగలు, మగ తీగలు వేరు వేరు కాబట్టి "దొండ తీగ ఉంది, తీసుకెళ్లండి" అంటే కాయ ఉందో లేదో కళ్లతో చూశాకే ముక్క కోయండి. చోటుకు తగిన ఫలితం లెక్క వేస్తే నా మిద్దె మీద మొదటి స్థానం దానిదే.

ఆకుకూరలు

తొందర ఉన్నవారికి ఇంతకన్నా వేరే దారి లేదు. అర్క సుగుణ తోటకూర 25వ రోజున మొదటి కోత, తరువాత అయిదారు కోతలు. వేళ్లతో సహా పీకి వండుకునే పెరుగు తోటకూర, కాడల పులుసుకు కొయ్య తోటకూర వేరు. ఒకదాని పని ఇంకొకటి చేయదు. పాలకూరలో ఆల్ గ్రీన్ చాలు. మెంతికూరలో పూసా ఎర్లీ బంచింగ్ త్వరగా వస్తుంది, కసూరి రకం ఆలస్యం, వాసన ఎక్కువ. గోంగూరలో ఎర్ర కాడది పుల్లన, పచ్చడి కోసం పెంచేవారు తెల్లదాని జోలికి పోకండి. కొత్తిమీర ఎండాకాలంలో ఏ రకమూ సంతోషంగా ఉండదు, నీడన పెట్టినా త్వరగా పూతకు పోతుంది.

మరి మీరు ఏ కోవ?

అద్దె ఇంట్లో ఉండి ఎప్పుడు మారాలో తెలియనివారు మూడు నెలలు దాటే పంట జోలికి వెళ్లవద్దు. తోటకూర, ముల్లంగి, గోరుచిక్కుడు, పొద చిక్కుడు మీకు. గోరుచిక్కుడులో పూసా నవబహార్ కొమ్మలు వేయకుండా నిటారుగా పెరుగుతుంది కనుక దగ్గర దగ్గరగా వేసుకోవచ్చు.

ఉద్యోగాలకు వెళ్లి వారాంతంలోనే తోట చూసేవారికి బెండ పనికిరాదు, రోజు విడిచి రోజు కోయాలి. వంగ, మిరప, దొండ, టమాటా నాలుగు రోజులు ఆగినా కోపగించుకోవు.

పిల్లలతో కలిసి మొదటిసారి వేసేవారు ముల్లంగితో మొదలుపెట్టండి. మూడో రోజున మొలక, ఆరో వారంలో దుంప. పిల్లలకు అంతకు మించిన ఓపిక ఉండదు. వేసవిలో అయితే పూసా చేత్కినే అడగండి, చలికాలపు జపనీస్ వైట్ ఆ ఎండకు ఘాటెక్కి బెండులా అవుతుంది.

ఊళ్లో పెరడు ఉండి, నీళ్లకు కొరత లేనివారు ఒక మునగతో మొదలుపెట్టవచ్చు. పీకేఎం-1 గింజతో ఆరు నెలల్లో కాయ వస్తుంది, రెండడుగుల పైన తల తుంచితే గుబురవుతుంది, కానీ రెండు మూడేళ్లకు మార్చాలి. పాత మునగ కొమ్మ పాతితే ఆలస్యంగా కాసినా పిల్లల పెళ్లిళ్ల దాకా నిలుస్తుంది, గొంగళి పురుగులను భరించగలిగితే.

విత్తనం దాచుకోవాలనుకునేవారికి బెండ, చిక్కుడు, టమాటా, వంగ తేలిక. పక్కపక్కన రెండు రకాల సొర, రెండు రకాల బీర మాత్రం పెట్టవద్దు, పూలు కలిసిపోతాయి. తొలి కాయను విత్తనానికి వదిలేయాలని మా అమ్మ పట్టుబట్టేది. ముందు కాసే గుణం పిల్లలకు వస్తుందని ఆవిడ లెక్క. ఆ తొలి బెండకాయను కోయకుండా చూస్తూ ఊరుకోవడం ఎంత కష్టమో ఈ ఏడాది మళ్లీ తెలుస్తోంది. మెడకు ఎర్ర దారం కట్టి ఉంచాను, ఎవరూ కోయకుండా.